మీకు తెలుసా? భోజనం పందెం

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మత్తు డాక్టరు రోగి నాడి, బీపీ రాసుకుంటూ ఉంటారే, ఆ అలవాటు వెనక ఒక భోజనం పందెం ఉంది.

1890ల నాటి బోస్టన్. ఈథర్ మత్తు ఇచ్చే పని వైద్య విద్యార్థుల మీద పడేసే రోజులు. హార్వర్డ్ విద్యార్థి హార్వీ కుషింగ్ అలా మత్తిచ్చిన ఒక మనిషి ప్రాణం బల్ల మీదే పోయింది. చదువే మానేద్దామనుకున్నాడు. మానకుండా తోటి విద్యార్థి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో పందెం కట్టాడు: మత్తు ఎవరు బాగా ఇస్తే వాళ్లకు రెండోవాడు భోజనం పెట్టించాలి. సరే, 'బాగా' అన్నది తేలేదెలా? అందుకని నాడి, ఊపిరి ఎప్పటికప్పుడు కాగితం మీద గుర్తు పెట్టుకోవడం మొదలెట్టారు. బీపీ తర్వాత చేరింది. దాన్ని కొలిచే పట్టీని 1901లో ఇటలీలో చూసి అమెరికాకు తెచ్చిందీ కుషింగే.

కాడ్‌మన్‌కు ఈ రాతపిచ్చి ముదిరింది. ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ కలవాలి, నయం కాకపోతే ఎందుకు కాలేదో రాయాలి అన్నాడు. పెద్ద డాక్టర్లకు ఇది గిట్టలేదు. 1914లో ఉద్యోగం వదిలేశాడు. తన సొంత చిన్న ఆసుపత్రిలో 337 మంది రోగుల వైద్యంలో 123 పొరపాట్లు జరిగాయని తనే అచ్చేయించాడు. మన హోర్డింగుల మీద ఆసుపత్రులు ఇలాంటి అంకె వేయడం నేనైతే చూడలేదు.

కుషింగ్ మెదడు ఆపరేషన్ల వైపు వెళ్లాడు. ఆయన దగ్గర సెక్రటరీగా చేరి, ఆ తర్వాత వైద్యం చదివి తిరిగొచ్చిన లూయీస్ ఐజెన్‌హార్ట్ ఒక్కో కణితినీ, ఆ రోగి ఎన్నాళ్లు బతికాడన్నదీ పుస్తకంలో ఎక్కించేది. 1931 ఏప్రిల్లో ఆ లెక్క 2,000కు చేరింది. మరుసటి ఏడాది కుషింగ్ వేసిన పుస్తకంలో ఆపరేషన్‌లో పోయినవాళ్ల శాతాలూ ఉన్నాయి. కుషింగ్ గాజుసీసాల్లో దాచిన మెదళ్లు ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనలో ఉన్నాయి.

ఇప్పటి లెక్క మరో రకం. గ్లయోబ్లాస్టోమా లాంటి మెదడు గడ్డకు ఆపరేషనయ్యాక 72 గంటల్లోపు ఎమ్మారై తీశారా అన్నది మంచి వైద్యానికి ఒక కొలత. ఆలస్యమైతే మానుతున్న గాయం కూడా స్కాన్‌లో గడ్డలాగే వెలుగుతుంది. మిగిలిందేదో, మానుతున్నదేదో తేల్చలేరు. 'అంతా తీసేశాం' అన్న మాటకు సాక్ష్యం ఆ స్కానే. 2006లో వెలువడిన జర్మనీ అధ్యయనం ఈ కొలతతోనే ఒక సంగతి తేల్చింది. మామూలు దీపం కింద చేస్తే 36 శాతం మందిలోనే కనబడే గడ్డ పూర్తిగా పోయింది. ఆపరేషన్‌కు ముందు 5-ఏఎల్ఏ అనే మందు తాగించి, నీలికాంతిలో గులాబీరంగుగా మెరిసే భాగాన్ని చూసి తీస్తే 65 శాతం మందిలో పోయింది.

ఇవ్వని మందు కూడా లెక్కలోకొస్తుంది. మెదడులో గడ్డ ఉన్నా ఒక్కసారీ ఫిట్స్ రానివాళ్లకు ముందుజాగ్రత్తని ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు వాడించొద్దని అమెరికా న్యూరాలజీ అకాడమీ 2000లోనే చెప్పింది.

అసలు ఆసుపత్రి గడప తొక్కేలోపే పోయే కాలం సంగతి? బ్రిటన్‌లో పిల్లల విషయంలో దాన్నీ లెక్కించారు. మొదటి లక్షణం నుంచి గడ్డ అని తేలేదాకా సగం మంది పిల్లలకు 14 వారాలు దాటిపోయేది. 2011లో 'హెడ్‌స్మార్ట్' పేరుతో లక్షణాల కార్డులు పంచారు: తగ్గని తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, తల ఓ పక్కకు వాల్చడం, నడకలో తూలడం, చూపులో తేడా. రెండేళ్లలో ఆ వ్యవధి ఏడు వారాల లోపుకు దిగింది. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం నాలుగు వారాలు.