ఒక చెవికే ఇయర్‌బడ్ పెట్టుకుని బండి నడుపుతున్నారా? హారన్ ఎటు నుంచో మెదడుకు తెలియదు!

రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో బైక్‌పై వెళ్తూ ఒక చెవికి ఇయర్‌బడ్ పెట్టుకుంటున్నారా? ‘రెండో చెవి ఖాళీయే కదా, హారన్ వినిపిస్తుంది’ అనుకుంటే పొరపాటే. హారన్ వినిపించొచ్చు. కానీ అది ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే మెదడుకు రెండు చెవులూ కావాలి.

కుడి వైపు నుంచి వచ్చే శబ్దం ముందు కుడి చెవికి చేరుతుంది. ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా వినిపిస్తుంది. ఆ ఆలస్యం ఎక్కువలో ఎక్కువ 0.7 మిల్లీసెకను మాత్రమే!

రెండు చెవుల సంకేతాలు మెదడు అడుగున ఉండే మెదడు కాండంలో, ‘సుపీరియర్ ఆలివ్’ అనే చోట కలుస్తాయి. అక్కడి నరాల కణాలు ఈ తేడాను పోల్చి దిశను పట్టేస్తాయి. సంకేతం దారిలో ఆలస్యం కాకుండా ‘కేలిక్స్ ఆఫ్ హెల్డ్’ అనే భారీ నరాల జంక్షన్ ఉంటుంది. క్షీరదాల మెదడులోని అతిపెద్ద జంక్షన్లలో ఇదొకటి. 1893లో దీన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ హెల్డ్ పేరే దీనికి పెట్టారు.

ఒక చెవిలో పాట మోగుతుంటే పోల్చడానికి రెండో సంకేతం సరిగా అందదు. వెనుక నుంచి వస్తున్న బస్సు కుడివైపు ఉందా, ఎడమవైపు ఉందా అన్నది వెంటనే తేలదు. తప్పుకోవాల్సింది ఎటో తెలియని ఆ క్షణమే ప్రమాదం. అందుకే బండి స్టార్ట్ చేసే ముందే రెండు ఇయర్‌బడ్స్ తీసి జేబులో పెట్టుకోండి.