గామాస్ఫియర్: నూటపది కళ్ళ గోళం

1986లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీ ప్రయోగశాలలో పీటర్ ట్విన్ బృందం పలాడియం-108 రేకు మీదికి కాల్షియం-48 కేంద్రకాలను దూసుకెళ్ళేలా వదిలింది. రెండు కేంద్రకాలు ఎదురెదురుగా కాక ఓరగా గుద్దుకుని ఒకటైతే, పుట్టిన కేంద్రకం విపరీతంగా గిరగిరా తిరుగుతుంది. ముందు నాలుగు న్యూట్రాన్లను విసిరేసి డిస్ప్రోసియం-152గా మారుతుంది. మిగిలిన తిరుగుడును గామా కిరణాలుగా వదిలించుకుంటుంది. ఆ తిరుగుడు ఎంత వేగమంటే, సెకనుకు చుట్ల లెక్క 1 పక్కన 20 సున్నాలు పెట్టాల్సిన స్థాయిలో ఉంటుంది.

అచ్చంగా గుండ్రంగా ఉన్న కేంద్రకానికి క్వాంటం సిద్ధాంతంలో ఈ తిరుగుడే లేదు. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉన్నది తిరిగిందని చెప్పడానికి గుర్తేముంటుంది? సాగి, ఆకారం మారిన కేంద్రకమే ఇలా తిరగగలదు. ట్విన్ బృందానికి 19 గామా కిరణాల వరుస దొరికింది. ఒకదానికీ తర్వాతిదానికీ శక్తిలో తేడా సుమారు 47 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, వరుస పొడుగునా దాదాపు అంతే. వెడల్పుకు రెండింతలు పొడవు సాగిన కేంద్రకం మాత్రమే అంత క్రమంగా దిగివస్తుంది.

కానీ నిచ్చెన మెట్లలాంటి ఆ వరుస కింది కొస నేలకు ఆనలేదు. సాగిన కేంద్రకం ఆఖరి మెట్టు దాటాక మామూలు ఆకారంలోకి ఏ దారిన దిగుతుందో ఎవరికీ కనబడలేదు. అది తెలియనంత కాలం ఒక్కో మెట్టు శక్తి ఎంతో, స్పిన్ (తిరుగుడు కొలత) ఎంతో చెప్పడం ఊహే. ఆ దారిన వెళ్ళే కిరణాలు ఉంటాయి, కానీ మిగతా హోరులో మునిగిపోయేంత అరుదు.

అలాంటి అరుదైన కిరణాలను ఏరడానికి అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టిందే గామాస్ఫియర్. 1993లో కొన్ని డిటెక్టర్లతోనే పని మొదలుపెట్టింది. 1995 చివరికి పూర్తి రూపం దాల్చింది. నడుమ లక్ష్యపు రేకు, చుట్టూ గోళాకారంలో గామా కిరణాలను పట్టే 110 జెర్మేనియం స్ఫటికాలు. ఒక్క కేంద్రకం చల్లారేలోపు పాతిక దాకా కిరణాలు ఒకేసారి వెదజల్లుతుంది కాబట్టి అన్ని వైపులా కళ్ళుండాలి. స్ఫటికాలు ద్రవ నత్రజని చలిలో ఉంటేనే సరిగా పనిచేస్తాయి.

నా దృష్టిలో ఈ యంత్రం అసలు తెలివి స్ఫటికాల్లో కాదు, వాటి చుట్టూ ఉన్న బిస్మత్ జెర్మనేట్ కవచాల్లో ఉంది. గామా కిరణం జెర్మేనియాన్ని తాకి, శక్తిలో కొంత మాత్రమే అక్కడ వదిలి పక్కకు తప్పించుకుంటే ఆ లెక్క తప్పుడు లెక్క. తప్పించుకున్న భాగం కవచానికి తగలగానే ఆ సంఘటననే కొట్టిపారేస్తారు. పనికిరానిదాన్ని వదిలేయగలగడమే దీని బలం.

నేలకు ఆనని నిచ్చెన లెక్క 2002లో తేలింది. టోర్బెన్ లారిట్‌సెన్ బృందం గామాస్ఫియర్‌తో డిస్ప్రోసియం-152లో ఒక్క దూకులో కిందికి దిగే గామా కిరణాన్ని పట్టుకుంది. దాని శక్తి సుమారు 4 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులు. ఆ వరుస మొదట కనబడ్డ డేర్స్‌బరీ యాక్సిలరేటర్ 1993లోనే మూతపడింది.

ఈ ఏళ్ళలో గామాస్ఫియర్ షికాగో దగ్గరి ఆర్గాన్ ప్రయోగశాలకు వెళ్ళింది, బర్క్‌లీకి తిరిగొచ్చింది, మళ్ళీ ఆర్గాన్ చేరింది. మన దేశపు గామా డిటెక్టర్ల వ్యవస్థ ఇంగా కూడా ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల మధ్య ఇలాగే ఊరూరా తిరుగుతుంది. ఆర్గాన్‌లో ఉండగా 1999లో నొబీలియం-254 తిరుగుడును కూడా గామాస్ఫియర్ నమోదు చేసింది. అంత బరువైన కేంద్రకం కూడా సాగిన ఆకారంలో నిలబడగలదని దాంతో తేలింది.

2003లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'హల్క్'లో కథానాయకుణ్ణి రాక్షసుడిగా మార్చే గామా యంత్రానికి రూపం గామాస్ఫియర్‌దే. నిజానికిది ఎవరి మీదా కిరణాలు చిమ్మదు, వచ్చినవాటిని లెక్కపెడుతుందంతే. తర్వాతి తరం యంత్రాలు గ్రెటినా, గ్రెటా కవచాలనే తీసేశాయి. స్ఫటికం లోపల కిరణం ఎక్కడెక్కడ తాకిందో ఆనవాలు పట్టి, గామాస్ఫియర్ పారేసిన సంఘటనలను కూడా వాడుకుంటాయి.