ఎనిమిది గళ్లలో పట్టని పేరు

వెంకటేశ్వర్లు, వెంకటేశం, వెంకటేశ్వరరావు. హుజూర్‌నగర్ వైపు వినని పేర్లు కావివి. వీటిని ఇంగ్లీషులో రాసి మొదటి 8 అక్షరాలే ఉంచితే ముగ్గురూ ఒకే ‘వెంకటేస్’ అయిపోతారు. పాత యూనిక్స్ కంప్యూటర్‌లో ముగ్గురికీ జరిగేది అదే. ఒకరికి ఆ పేరు దక్కితే మిగతా ఇద్దరూ వేరే పేరు వెతుక్కోవాలి.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో పుట్టింది. మెమరీ, డిస్కు బాగా ఖరీదైన కాలం. ప్రతి బైటుకూ లెక్క ఉండేది. ఖాతాల వివరాలుండే పాస్‌వర్డ్ ఫైలు మామూలు అక్షరాల వరుసే, అందులో పేరుకు కొలిచిన గడి లేదు. గడి ఉన్నది ‘యూటీఎంపీ’ అనే మరో ఫైలులో. ఆ క్షణాన ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చెప్పే చిట్టా అది. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో ఒక్కో నమోదుకు 20 బైట్లు: టెర్మినల్‌కు 8, మనిషి పేరుకు 8, సమయానికి 4. ఊరి పేరునే ఖాతా పేరుగా పెట్టామనుకుందాం. ఇంగ్లీషులో సూర్యాపేటకు సరిగ్గా 8 అక్షరాలు. గడి నిండిపోయి, పేరు ముగిసిందని చెప్పే సున్నా బైటుకు కూడా చోటు మిగలదు. హుజూర్‌నగర్‌కు 10, మిర్యాలగూడకు 11 కావాలి కాబట్టి వాటి తోకలు తెగిపోతాయి.

గడి పెంచితే సరిపోదా? ఎవరెవరు లాగిన్ అయ్యారో తెరమీద చూపే ‘హూ’ అనే ప్రోగ్రాము ఆ చిట్టాను 20 బైట్లకో అంగ చొప్పున చదువుతుంది. పేరుకు 16 ఇస్తే నమోదు 28 బైట్లవుతుంది. పాత ‘హూ’ మాత్రం 20 బైట్లు దాటగానే రెండో మనిషి వచ్చాడనుకుంటుంది. నిజానికి అక్కడ ఇంకా మొదటి మనిషి పేరే నడుస్తుంటుంది. ఇక తెరమీద పేర్లూ వేళలూ కలగాపులగమే. అందుకే ఆ చిట్టాను ముట్టుకునే ప్రోగ్రాములన్నీ ఒకేసారి మారాలి.

యూనిక్స్ వంశానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ ఆ పనికి పూనుకుంది. 1998లో విడుదలైన 3.0లో హద్దు 16కు పెరిగింది. హెడర్ ఫైళ్లలో అంకెలు మార్చడం తేలికే. 8 అని తమలోనే రాసేసుకున్న ప్రోగ్రాములను వెతికి పట్టుకుని సరిచేయడమే అసలు శ్రమ. పైగా ఖాతాలను నెట్‌వర్క్‌లో పంచుకునే చోట 8 దాటని సన్ కంపెనీ కంప్యూటర్ ఉంటే పొడుగు పేరుకు అక్కడ చుక్కెదురే. 2012లో వచ్చిన 9.0లో పద్ధతే మారింది. చిట్టాను ప్రోగ్రాములు నేరుగా చదవకుండా లైబ్రరీ ఫంక్షన్లను అడగడం మొదలుపెట్టాయి. లోపలి గడి మారినా అడిగేవాళ్లకు ఇబ్బంది తగ్గింది. ఆ గడి ఇప్పుడు 32 బైట్లు, లైనక్స్‌లోనూ అంతే. అయినా పాత అలవాటు పూర్తిగా పోలేదు. లైనక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ‘పీఎస్’ నేటికీ పొడుగు పేరులో 7 అక్షరాలు చూపించి పక్కన ప్లస్ గుర్తు పెడుతుంది.

తెలుగు లిపికి ఆ 32 కూడా ఇరుకే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. హుజూర్‌నగర్‌లో రకారప్పొల్లు విడిగా నిలవాలంటే కంటికి కనిపించని సంకేతం ఒకటి తోడవ్వాలి. దానితో కలిపి 11 సంకేతాలు, 33 బైట్లు. ఒక్క బైటు తేడాతో మన ఊరు గడి బయటే ఆగిపోతుంది.

యూనిక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ హక్కులు చూసేది ఖాతా నంబరును బట్టి. పేరు మనుషుల కోసం పెట్టుకున్నది, కాబట్టి మనిషికి తగ్గట్టే ఉండాలి. సూర్యాపేట, కోదాడ కాలేజీల్లో కోడ్ రాస్తున్న పిల్లలకు ఈ కథ పనికొస్తుంది. పేరు పొడవును పది చోట్ల అంకెగా పాతిపెట్టకండి, ఒకే చోట ఉంచండి. ప్రోగ్రాము పూర్తయ్యాక ఇంటిపేరుతో సహా మీ పూర్తి పేరును తెలుగులో ఇచ్చి పరీక్షించండి.