అంతర్జాలమున చదరంగము



అనకాపల్లిలో మా వీధి అరుగుపై ముప్పదియేండ్లు నాతో చదరంగమాడిన మిత్రుడు కుమారుని యొద్దకు హైదరాబాదు వెడలినాడు. బడిపని విరమించిన నాకు ప్రొద్దు జరుగుట కష్టమయ్యెను. తోడులేక ఆట మానినవారు మీలోను ఉండవచ్చును. వారికై నాకు ఉపకరించిన వెబ్‌సైట్లను విన్నవించెదను.

మొదటిది లీచెస్. 2010లో థిబో డుప్లెసి యను ఫ్రెంచి దేశీయుడు దీనిని నెలకొల్పెను. ఇది విరాళములచే నడచుచున్నది గనుక రుసుము లేదు, ప్రకటనలు లేవు. యంత్రముతో ఎనిమిది మెట్లలో ఆడవచ్చును. ఒక్కొక్క ఎత్తునకు కొన్ని దినముల గడువు పెట్టుకొని ఆడు పద్ధతియు కలదు. పూర్వము కార్డులు వ్రాసికొని ఆడిన రీతిగనే నేనును నా మిత్రుడును మరల ఆడుచున్నాము.

రెండవది 2007లో ఆరంభమైన చెస్ డాట్ కామ్. ఇందు పాఠములు మెండు. కొన్నిటికి రుసుము కలదు. మూడవది 1924లో ప్యారిస్‌లో పుట్టిన ప్రపంచ చదరంగ సమాఖ్యవారిది. గుడివాడలో జన్మించి, 2019, 2024 సంవత్సరములలో ర్యాపిడ్ ఆటలో ప్రపంచ విజేత్రియైన కోనేరు హంపి గారి రేటింగు అందు చూడవచ్చును.

ఒక్క హెచ్చరిక. మన నాటు ఆటలో బంటు ఒక్క గడి మాత్రమే నడచును. అచట తొలి ఎత్తున రెండు గడులు నడువవచ్చును. రాజు ఏనుగుతో స్థానము మార్చి కోట కట్టుకొనుటయు కలదు. ఇది ఎరుగక తొలినాడు ఎదుటివాడు మోసగించెనని తలచితిని, పిదప సిగ్గుపడితిని. కావున ముందు లీచెస్‌లోని ప్రాథమిక పాఠములు చూడుడు. పందెమునకు పిలుచువారి చెంతకు పోవలదు. మనుమనినో మనుమరాలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేటి సాయంకాలమే ఆరంభింపుడు.