గట్టి చదువు ఏ బడియందు?

బిడ్డను బడికి పంపునప్పుడు తల్లి మొట్టమొదట విచారించునది అచ్చట చదువు గట్టిగా చెప్పుదురా, లేదా యని. మన దేశమున 'కాన్వెంటు' అను పేరు వినినంతనే చదువు గట్టిదను నమ్మకము పాతుకొనియున్నది. క్రైస్తవ సన్యాసినుల మఠమునకు చెందిన యా పేరును, వారితో నే సంబంధమును లేని బడులు సైతము తగిలించుకొనుచున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములకు కాపురమునకేగిన మన యాడుపడుచులకును బిడ్డ యెదిగినంతనే యీ ప్రశ్న యెదురగును: రుసుము చెల్లించి కాథలిక్కు బడికి పంపుటయా, ప్రజల పన్నులతో నడచు ఉచితమైన సర్కారు బడికి పంపుటయా? ఈ రెండింటి తారతమ్యమును గూర్చి యా దేశమున పండితులు నలువది సంవత్సరములకు పైగా వాదించుచున్నారు. ఆ వాదములోని సారమును సోదరీమణుల కెఱిగింపవలెనని మా తలంపు.

అచ్చటి కాథలిక్కు బడులు శ్రీమంతుల బిడ్డలకై పుట్టినవి కావు. ఐర్లండు, జర్మనీ, ఇటలీ, పోలండు మున్నగు దేశములనుండి కూటికై వలసవచ్చిన పేదల బిడ్డలే వానిని నింపిరి. నాటి సర్కారు బడులలో ప్రాటెస్టెంటు మతమువారి పద్ధతి చెల్లుచుండుటచే, 1884లో బాల్టిమోరు నగరమున కూడిన కాథలిక్కు మతాచార్యుల సభ ప్రతి చర్చియొద్దను నొక బడి యుండవలెనని శాసించెను. 1960వ దశాబ్దమున నీ బడులలో 50 లక్షలకు మించిన బాలబాలికలు చదివిరి. నేడు వారి సంఖ్య 20 లక్షలకు లోబడియున్నది. నాడు పెక్కుమంది సన్యాసినులే బోధింపగా, నేడు గృహస్థులే మిక్కిలిగా బోధించుచున్నారు.

జేమ్సు కోల్మన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1980లో 1,015 ఉన్నత పాఠశాలలనుండి సుమారు 58,000 మంది విద్యార్థులను గూర్చి సేకరింపబడిన వివరములను పరిశీలించి, మఱి యిద్దఱితో గూడి 1982లో నొక గ్రంథమును ప్రకటించెను. కుటుంబముల స్థితిగతులను లెక్కలోనికి దీసికొన్నను కాథలిక్కు బడుల పిల్లలే పరీక్షలయం దధికులుగా నుండిరనియు, తలిదండ్రుల చదువు తక్కువైన యిండ్ల బిడ్డలు సర్కారు బడులలో వెనుకబడినంతగా నచ్చట వెనుకబడలేదనియు నాతడు తెలిపెను. ఇంటిపాఠములు ఎక్కువగా నుండుట, బడి మానకుండుట, క్రమశిక్షణము, కఠినమైన విషయములను చదివించుట యిందులకు కారణములని చెప్పెను.

1993లో ఆంథొనీ బ్రైక్, వాలెరీ లీ, పీటర్ హాలెండ్ అనువారు ఇందలి మర్మమును మఱింత విప్పి చూపిరి. మన యిండ్లలో పంక్తిభేదమును మహాదోషముగా నెంచుదుము గదా! విస్తరి ముందు గూర్చున్నవారి కెల్లరకు నొక్కటే వడ్డన. కాథలిక్కు ఉన్నత పాఠశాల చదువును దాదాపు ఇట్లే వడ్డించుచుండెను. ఐచ్ఛిక విషయములు కొద్ది. గణితము, భాష, శాస్త్రము అందఱికిని తప్పనిసరి. పెద్ద సర్కారు ఉన్నత పాఠశాలలలోనన్ననో విషయములు లెక్కకు మిక్కిలి. కొందఱు కళాశాలకు తగిన చదువు చదువుచుండ, మఱికొందఱు సులభమైన పాఠములతో కాలము గడుపుచుండిరి. ఆ రెండవ పంక్తిలో గూర్చుండిన బిడ్డలు తఱచుగా పేదవారు. బీజగణితమే చెప్పని బిడ్డకు బీజగణితము రాలేదనుట న్యాయమా?

ఐనను ఇంతటితో తీర్పు చెప్పరాదు. రుసుము పుచ్చుకొను బడి బిడ్డను చేర్చుకొనకపోవచ్చును, పంపివేయనూవచ్చును. సర్కారు బడి యెల్లరను చేర్చుకొనవలెను. అంగవైకల్యముగల బిడ్డలకును తగిన విద్య నీయవలెనని 1975 నాటి చట్టము శాసించినది. మఱియు శ్రమపడి రుసుము గట్టి బడిని వెదకు తల్లి యింటివద్దను చదివించునదే. ఆ తల్లి కృషి యంతయు బడి ఖాతాలో పడును. ఈ చిక్కును విడదీయుటకై 2005లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలో, కాథలిక్కు ఉన్నత పాఠశాల చదువును మధ్యలో విడువనీయక పూర్తిచేయించుటకు తోడ్పడుననుటకు నిదర్శనము కనబడినది. మార్కులను పెంచుననుటకు మాత్రము బలమైన నిదర్శనము లేకపోయెను. 2006లో సర్కారు ప్రకటించిన పోలికలో పిల్లల స్థితిగతులను సరిచూచిన పిమ్మట నాలుగవ తరగతి గణితమున సర్కారు బడులును, ఎనిమిదవ తరగతి పఠనమున ప్రైవేటు బడులును ముందుండెను.

సర్కారు బడులును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1983లో జాతీయ విద్యాసంఘ మొకటి, ఉన్నత పాఠశాలలో ప్రతి విద్యార్థియు ఇంగ్లీషు నాలుగేండ్లు, గణితము, విజ్ఞానము, సాంఘికశాస్త్రము మూడేసి యేండ్లు చదువవలెనని కోరినది. పిమ్మట పెక్కు రాష్ట్రములు తమ నియమములను బిగించినవి. గొప్ప ప్రయోగశాలలు, కళాశాలస్థాయి గణితము గల సర్కారు బడులెన్నియో కలవు. మన బిడ్డ కా తరగతిలో చోటు దొరకునా యన్నదే ప్రశ్న.

ఉపాధ్యాయుని యింట మసలుకొను మాకు తెలిసినంతలో, గట్టి చదువనగా బెత్తమును గాదు, మెడపట్టీయును గాదు. తప్పువ్రాసిన బిడ్డచేత మరల వ్రాయించు నోపికయే గట్టి చదువు. కావున బడి పేరునుబట్టి మోసపోకుడు. అచ్చటి మొదటి విద్యార్థి గొప్పను వారే చెప్పుదురు. మనము చివరి వరుసలోని బిడ్డను గూర్చి యడుగవలెను. వానికే గణితము చెప్పుచున్నారు? వాని వ్రాతను దిద్దువారెవరు? వెనుకబడినచో మరల బోధింతురా, తేలిక తరగతికి త్రోసివేయుదురా? తేలిక తరగతికి పంపునప్పుడు తల్లితో చెప్పుదురా? ఈ నాలుగు ప్రశ్నలకు తృప్తికరమైన యుత్తరమిచ్చు బడి, శిలువ గుర్తు గలదైనను సర్కారుదైనను, మన బిడ్డకు తగిన బడియే.