అనంత గోపురమునకు మూడు సంఖ్యలు

1847వ సంవత్సరము మార్చి 1వ తేదీన పారిస్ విజ్ఞాన పరిషత్తు సభలో గాబ్రియేల్ లామే అను గణితవేత్త, రెండు శతాబ్దములుగా పండితులను వేధించుచున్న ఫెర్మా సమస్యను, అనగా రెండింటికి మించిన ఏ ఘాతమునను రెండు ధన పూర్ణసంఖ్యల ఘాతముల మొత్తము మఱియొక పూర్ణసంఖ్య యొక్క అదే ఘాతము కాజాలదను వాక్యమును, తాను సాధించితినని ప్రకటించెను. ఒకే ఘాతమునకు చెందిన రెండు పూర్ణసంఖ్యల మొత్తమును ఏకకపు మూలముల (ఏదేని ఘాతమునకు హెచ్చించినపుడు 1 అగు సంఖ్యల) సాయమున కారణాంకములుగా విడదీయుటయే ఆయన ఉపాయము. సామాన్య సంఖ్యలు ప్రధాన సంఖ్యల లబ్ధముగా ఒక్క విధముననే విడిపోవునట్లు ఈ క్రొత్త సంఖ్యలును విడిపోవునని నిశ్చయమేమి యని లియువిల్ అను మఱియొక గణితవేత్త ఆ సభలోనే ప్రశ్నించెను. బ్రెస్లావు నగరమున ఆచార్యుడుగా నున్న ఎర్న్‌స్ట్ కుమ్మర్, ఆ ఏకత్వము 23 వద్ద భగ్నమగునని అంతకు మునుపే కనుగొని, దానికి పరిహారముగా ఆదర్శ సంఖ్యలను కల్పించి యుండెను. ఈ వ్యాసమునకు నాయకమైన గణిత యంత్రము పుట్టుటకు నూఱేండ్లు ముందుగా దాని అవసరము పుట్టినది.

ఒక సంఖ్యా క్షేత్రమున కారణాంక విభజన ఎంతగా చెదరినదో కొలుచు పూర్ణసంఖ్యకు తరగతి సంఖ్య యని పేరు. అది 1 అయినచో విభజన నిర్దుష్టము, అంతకు మించినచో సదోషము. ఏకకపు 23వ మూలము చేరిన క్షేత్రమునకు అది 3. 29కి 8, 31కి 9, 37కి 37, 41కి 121, 43కి 211, 47కి 695. ఈ వరుసను ఎంతసేపు చూచినను క్రమము కానరాదు. అయినను, ఏ ప్రధాన సంఖ్య తన క్షేత్రపు తరగతి సంఖ్యను భాగింపదో ఆ ఘాతమునకు ఫెర్మా వాక్యము సత్యమని కుమ్మర్ నిరూపించెను. భాగించునో లేదో యెఱుగుటకు బెర్నూలీ సంఖ్యల లవములను పరీక్షించిన చాలునని కూడ చూపెను. 32వ బెర్నూలీ సంఖ్య లవమును 37 భాగించును గనుక అది ఈ పరీక్షకు నిలువని మొదటిది, అనగా మొదటి అక్రమ ప్రధాన సంఖ్య. నూటిలోపల దానికి తోడు 59, 67 మాత్రమే. వరుస సంఖ్యల ఘాతములను కూడుటకై పుట్టిన బెర్నూలీ సంఖ్యలకు కారణాంకముల చెదరుబాటుతో ఈ బంధుత్వమెట్లు కలిగెనన్నది తరువాతి తరములకు మిగిలిన ప్రశ్న.

ఆ ప్రశ్నను క్రొత్త మార్గమున పట్టినవాడు కెంకిచి ఇవసావా. 1917లో జపాను దేశమున కిర్యూ పట్టణ సమీపమున జన్మించి, టోక్యో విశ్వవిద్యాలయమున చదివి, యుద్ధాంతమున తీవ్రవ్యాధికి లోనై కోలుకొని, 1950లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభకు ఆహూతుడై వెళ్ళిన ఆయన, ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత పరిశోధన సంస్థలో రెండేండ్లుండి, పిదప మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అధ్యాపకుడాయెను. పరిమిత క్షేత్రముల మీది వక్రములను గూర్చి ఆంద్రే వెయ్ సాధించిన ఫలితములు ఆయన మనస్సును ఆకర్షించినవి. అచ్చట స్థిరాంకముల క్షేత్రమును అనంతముగా పెంచినప్పుడు, వక్రమునకు చెందిన సమూహము మీద ఒక సౌష్ఠవక్రియ పనిచేయును. దాని లక్షణ బహుపదియే వక్రము మీది బిందువుల లెక్కను శాసించును. సంఖ్యా క్షేత్రములలో దీనికి దీటైనదేది? ఏకకపు మూలములను అంతులేకుండ చేర్చుకొనుచు పోవుటయే యని ఇవసావా గ్రహించెను.

ఆ నిర్మాణమును శిఖరము లేని ఆలయ గోపురముతో పోల్చవచ్చును. ఏకకపు 37వ మూలము చేరిన క్షేత్రము అడుగు అంతస్తు. 37 వర్గమగు 1369వ మూలము చేరినది మొదటి అంతస్తు. ఘనమగు 50653వ మూలము చేరినది రెండవది. ఇట్లు ప్రతి అంతస్తును తన క్రిందిదానికి పరిమాణమున 37 రెట్లగుచు అనంతముగా సాగును. అడుగు అంతస్తును కదలింపక పై అంతస్తులను తమలో తాము మార్చు సౌష్ఠవములన్నియు చేరి గాల్వా సమూహమగును. ప్రతి అంతస్తునను, ఏ సమూహపు మూలకముల సంఖ్య తరగతి సంఖ్యయో ఆ తరగతి సమూహములో 37 ఘాతములకు చెందిన భాగమును గ్రహించి, అంతస్తుల నడుమ సహజముగా గల సంబంధములతో వానిని ఒక్కటిగా కూర్చినచో, ఆ సౌష్ఠవములు పనిచేయు గాల్వా మాడ్యూలు లభించును. 1959లో ప్రకటించిన వ్యాసమున ఇవసావా తేల్చినదేమనగా, ప్రధాన సంఖ్య ఏదైనను, కొంత ఎత్తు దాటిన పిమ్మట, తరగతి సంఖ్యలో దాని ఘాతాంకమును ల్యాంబ్డా, మ్యూ, న్యూ అను మూడు పూర్ణసంఖ్యలు నిర్ణయించును. ల్యాంబ్డాను అంతస్తు సంఖ్యతో గుణించి, మ్యూను ఆ ప్రధాన సంఖ్యకు అంతస్తు సంఖ్య ఘాతాంకముగా గల ఘాతముతో గుణించి, రెంటికిని న్యూను కలిపిన ఆ ఘాతాంకము వచ్చును. 37 గోపురమున ల్యాంబ్డా 1, మ్యూ 0, న్యూ 1. కనుక అడుగున 37 ఒకసారి, మొదటి అంతస్తున రెండుసార్లు, రెండవదాన మూడుసార్లు తరగతి సంఖ్యను భాగించును.

ఈ యంత్రపు అంతర్నిర్మాణమును స్పష్టపరచినవాడు ఫ్రెంచి పండితుడు జాన్-పియేర్ సేర్. ఈ మాడ్యూలును ఒక చలరాశి గల ఘాత శ్రేణుల వలయము మీది మాడ్యూలుగా భావించిన పక్షమున, పరిమితమైన లోపమును మన్నించినచో, అది సరళమైన ఖండముల మొత్తమగును. ఆ ఖండములను నిర్ణయించు బహుపదుల పరిమాణముల మొత్తము ల్యాంబ్డా, ప్రధాన సంఖ్య ఘాతాంకముల మొత్తము మ్యూ. అంతస్తులను విడివిడిగా చూచినపుడు క్రమరహితములుగా తోచు సమూహములు, అనంతమున ఏకవస్తువై నిలిచినప్పుడు శాసనబద్ధములగుటయే ఈ ఆవిష్కరణకు ప్రాణము.

1964లో కుబోటా, లియోపోల్ట్ అనువారు బెర్నూలీ సంఖ్యలను క్రోడీకరించు నూతన ప్రమేయమును నిర్మించిరి. దాని నుండి వచ్చు ఘాత శ్రేణియు, గాల్వా మాడ్యూలు నుండి వచ్చు లక్షణ బహుపదియు సారమున ఒక్కటేయని ఇవసావా ప్రతిపాదించెను. కుమ్మర్ చూచిన బంధుత్వమునకు కారణమిదియే. 1916లో మన రామానుజన్ తన టౌ ప్రమేయమునకు 691తో గల సంబంధమును వెల్లడించి యుండెను; 12వ బెర్నూలీ సంఖ్య లవము కూడ ఆ 691యే. ఆ జాతి సంబంధములనే సాధనముగా గొని 1976లో కెన్నెత్ రిబెట్ ఒక ముఖ్య ఫలితమును సాధింపగా, ఆ బాటనే విస్తరించి బారీ మేజర్, ఆండ్రూ వైల్స్ 1984లో ఇవసావా ప్రతిపాదనను నిరూపించిరి. ఈ విద్యలో ఆరితేరిన వైల్స్, 1995లో ప్రకటించిన వ్యాసములతో ఫెర్మా సమస్యనే ముగించెను. లామే సభలో లేచిన ప్రశ్న ఇట్లు తన మూలమునకు మేలు చేసినది.

యంత్రమింకను పూర్తిగా వశము కాలేదు. పైన వర్ణించిన ఏకకపు మూలముల గోపురములలో మ్యూ సున్నయేనని 1979లో ఫెర్రేరో, వాషింగ్టన్ నిరూపించిరి గాని, అన్యవిధములైన గోపురములలో అది ఎంత పెద్దదైనను కావచ్చునని ఇవసావాయే 1973లో చూపెను. ఆయన 1998లో టోక్యోలో కన్నుమూసెను. కేవల వాస్తవ సంఖ్యలతో నిండిన క్షేత్రములపై నిలుచు ఏకకమూల గోపురములలో ల్యాంబ్డా, మ్యూ రెండును సున్నలేయని 1976లో రాల్ఫ్ గ్రీన్‌బర్గ్ చేసిన ఊహ నేటికిని నిరూపణకు లొంగలేదు. ఇంటర్మీడియట్ తరగతిలో ఏకకపు ఘనమూలములను అభ్యసించిన తెలుగు విద్యార్థి, 3 అను ప్రధాన సంఖ్య గోపురమున అడుగు అంతస్తుపై అప్పుడే కాలు మోపియున్నాడు. పరీక్షతో ఆ పాఠమును కట్టిపెట్టక, తొమ్మిదవ మూలమును, ఇరువది యేడవ మూలమును చేర్చినచో ఏమగునని మన యువతీయువకులు విచారింపవలెనని నా ప్రార్థన.