వెనుక చక్రపు బ్రేకు

కాజీపేట పెద్ద రైలు కూడలి. సికింద్రాబాదునుండి వచ్చు మార్గము ఇచట రెండుగా చీలి, ఒకటి బల్లార్షాకును, మరియొకటి విజయవాడకును పోవును. ఇచట నిలుచు గూడ్సు పెట్టెల అడుగున ఇనుప కడ్డీలును మీటలును కనబడును. గాలి ఒత్తిడిచే కదలు ముషలకము ఆ మీటలను త్రోయగా, బ్రేకు దిమ్మెలు చక్రములను గట్టిగా నొక్కును. ఆ రాపిడివలన బండి నిలుచును.

డ్రమ్ము బ్రేకు గల మోటారు సైకిలులోను మీటలదే ఈ పని. అయితే ఇందు బ్రేకు షూలు చక్రము నడుమనున్న డ్రమ్మును లోపలినుండి నొక్కును. ఇట్టి బ్రేకును 1902లో ఫ్రాన్సు దేశీయుడగు లూయీ రెనో రూపొందించెను.

పాదముతో పెడలును త్రొక్కగా కడ్డీ ముందునకు సాగి, దాని కొననున్న మీటను త్రిప్పును. మీటతోపాటు ‘కామ్’ అను కీలు తిరిగి రెండు షూలను ఎడముచేయును. పాదము తీయగానే స్ప్రింగులు వానిని మరల దగ్గరకు లాగును.

కడ్డీ చివరనున్న నట్టును బిగించినచో పెడలు వదులు తగ్గును. సాధారణముగా పెడలు 20 మొదలు 30 మిల్లీమీటర్లు దిగిన పిమ్మట బ్రేకు పట్టవలెను. వదులు లేనిచో షూలు ఎడతెగక రాచుకొని డ్రమ్ము వేడెక్కును. అది మితిమీరినచో, ఆపద వేళ పెడలు అడుగంటినను బండి నిలువదు. గొలుసు బిగించుటకై చక్రమును వెనుకకు జరిపినపుడు ఈ వదులు తగ్గిపోవును. కావున పిమ్మట బ్రేకును కూడ సరిచూడవలెను.

బ్రేకు పట్టునపుడు కడ్డీయు మీటయు ఇంచుమించు లంబకోణముననుండవలెను. తలుపును ఎదురుగా నెట్టిన సులభముగా తెరచుకొనును. ఏటవాలుగా నెట్టిన బలము వృథా యగును. ఇచటను అంతే. షూల లైనింగు అరిగినకొలది మీట మరింత తిరిగి లంబకోణమును దాటును. అప్పుడు నట్టు బిగించినచో పెడలు సరిగానున్నట్లే తోచును గాని, పట్టు తగ్గియుండును. మీటను ఊడదీసి వెనుకకు త్రిప్పి బిగించుట దీనికి మందు కాదు. కామ్ మితిమీరి తిరిగినచో చక్రము బిగుసుకొనిపోవచ్చును. అరిగిన షూలను మార్చుటయే తగిన పని.

తుదకు బండిని నడిమి స్టాండుపై నిలిపి చక్రమును చేతితో త్రిప్పవలెను. అది అడ్డులేక తిరుగవలెను. పెడలు నొక్కగానే నిలువవలెను.

గూడ్సు బండి ప్రయాణము ప్రారంభింపకమునుపు రైల్వే సిబ్బంది దాని బ్రేకులను పరీక్షింతురు. మోటారు సైకిలునకు అట్టి సిబ్బంది లేరు. నడపువాడే ఆ పని చేసికొనవలెను.